తరంగాల సోమావధాని గారి సంతతి

"ఆధారం చూపించండి" అంటూ నాగేంద్రప్రసాద్ లేచి నిలబడ్డాడు.

మస్కట్ నగరంలో, వాడీ కబీర్ పేటలోని తెలుగు సంఘం హాలులో, శుక్రవారం ఉదయపు ఇడ్లీల మీద పని చేస్తున్న చెంచాలన్నీ ఒక్కసారిగా ఆగాయి. వేదిక మీద చైతన్యకృష్ణ ప్రసంగమూ ఆగింది.

తెలుగు సంఘం ఆ ఏటి ప్రసంగాల పోటీకి పెట్టిన అంశం '1853వ సంవత్సరం, దాని సంగీతం'. గెలిచినవారికి శాలువా, 'నాదవిద్యా ధురంధర' బిరుదు. ఏటేటా ఆ శాలువా నాగేంద్రప్రసాద్ భుజాలనే ఆశ్రయించుకుని బతికేది. కిందటేడు మాత్రం దారి తప్పి చైతన్యకృష్ణ భుజాలెక్కింది. తన వ్యాసాన్ని దొంగిలించే అతను గెలిచాడని నాగేంద్రప్రసాద్ అనుమానం. అనుమానమన్నది మర్యాదకు వాడిన మాట. ఆయన మనసులో విచారణ ముగిసి, తీర్పు వెలువడి, శిక్ష అమలు ఒక్కటే మిగిలి ఉంది.

అందుకే ఈసారి ఎర వేశాడు. బెర్లిన్‌లో, లైప్‌జిగ్‌లో, న్యూయార్క్‌లో ముగ్గురు మహనీయులు ఒకే ఏడు పియానోల కార్ఖానాలు తెరిచిన వైనం గంభీరంగా రాస్తూ, నడుమ ఒక పుట్టని మనిషిని పుట్టించాడు. పేరు తరంగాల సోమావధాని. ఊరు భీమునిపట్నం. ఆయన 1853లో తెరచాప ఓడెక్కి మస్కట్ వచ్చి, మత్రా రేవులో వీణ మీద వాన కురిపించే అమృతవర్షిణి రాగం వాయించి, ఒమాన్‌లోని ఎండిన వాగులన్నీ పొంగించాడు. ఆ వ్యాసాన్ని చైతన్యకృష్ణకు వాట్సాప్‌లో పొరపాటున పంపినట్టు పంపి, టిక్కులు రెండూ నీలిరంగు తిరిగేదాకా ఊపిరి బిగబట్టి, ఆపైన చెరిపేశాడు.

ఇవాళ చేప గాలాన్ని మింగింది. "మత్రా రేవులో సోమావధాని గారు వీణ మీటగానే" అన్నంతవరకు వచ్చాడు చైతన్యకృష్ణ.

"ప్రసాద్ గారూ, మధ్యల అడ్డం రాకుండ్రి," అంది సంఘం అధ్యక్షురాలు సునీత. ఆమెది జగిత్యాల. "ఆయన టైం ఆయనకియ్యుండ్రి."

"ఒక్క ప్రశ్నేనమ్మా. ఈ సోమావధాని ఏ గ్రంథంలో ఉన్నాడు?"

చైతన్యకృష్ణ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఎంతసేపు తుడిస్తే అంత మేలన్నట్టు తుడిచాడు.

"గ్రంథాల్లో లేరండి. మా ఇంట్లో ఉన్నారు. మా అమ్మమ్మకి ముత్తాత గారు."

హాలు చప్పట్లు కొట్టింది. నాగేంద్రప్రసాద్ నవ్వాడు. అబద్ధం మీద అబద్ధం పేర్చేవాడికి నిచ్చెన పట్టుకోవడం కూడా ఒక కళే.

"అలాగా. ఏ గోత్రమండీ వారిది?"

"భారద్వాజ."

"మరి ఆ వీణ ఏమైంది? మీ ఇంట్లోనే ఉండాలిగా."

"ఆ వానకే తడిసి పాడైపోయిందటండి."

"అయ్యో పాపం," అంది సునీత. "గంత మంచి వీణ."

నాగేంద్రప్రసాద్‌కు లోపల ఎక్కడో కలుక్కుమంది. మొన్న మంగళవారం కాఫీ తాగుతూ తాను పుట్టించిన మనిషికి అప్పుడే గోత్రం, మునిమనవరాలు, ఒక విషాదగాథ. ఇంకొంచెం ఉపేక్షిస్తే విగ్రహం కూడా లేస్తుంది. నిజం చెబితే తానూ కల్పించినవాడవుతాడు, ఈ ఏటి శాలువా తనకూ దక్కదు. కానీ శత్రువు ఓడ మునుగుతున్న శుభవేళ తన పంచె తడుస్తుందని వెనకాడేవాడు వీరుడు కాడు. ఆయన గొంతు సవరించుకుని, సరాసరి వేదిక ఎక్కి, మైకు అందుకున్నాడు.

"సభాసదులారా, ఇన్నాళ్ళుగా మన మధ్య తిరుగుతున్న ఒక దొంగతనం ఇవాళ బయటపడబోతోంది. ఈ తరంగాల సోమావధాని అనే మనిషి..."

"ఒక్క నిమిషం ఆగండి."

ఆడవాళ్ళ వరసలోంచి ఆయన భార్య మంగళ లేచింది. ఆమె కళ్ళు చెమర్చి ఉన్నాయి. మొగుణ్ణి దాటుకుని చైతన్యకృష్ణ దగ్గరికి నడిచి, అతని మొహంలోకి తేరిపార చూసింది.

"ఇందాకణ్ణుంచి అనుకుంటూనే ఉన్నాను, ఈ ముక్కు ఎక్కడో చూశానని. మీ అమ్మమ్మ గారిది భీమిలే కదా బాబూ?"

"అవునండి," అన్నాడు చైతన్యకృష్ణ, ఎటు పోతోందో తెలియని పడవలో కూర్చున్నవాడిలా.

"మా అమ్మమ్మ పుట్టింటివారూ తరంగాల వాళ్ళేనయ్యా. వాళ్ళిద్దరూ అక్కచెల్లెళ్ళ వరస అవుతారు." మంగళ కొంగుతో కళ్ళు ఒత్తుకుని, మైకు పట్టుకుని నిలబడ్డ మొగుడి వైపు తిరిగింది. "ఏమండీ, కాస్త మర్యాదగా మాట్లాడండి. మీ బావమరిదండీ ఇతను."