డిగ్రీ తేడా లేదు

సీసాల ఫ్యాక్టరీ ఫర్నేసులో వేడిని కొలిచే ప్లాటినం తీగను, దాని లెక్క రాసే పెద్దాయన ఆరేళ్ళ క్రితమే గుట్టుగా అమ్మేసి ఫ్రిజ్ కొన్నాడు. నిప్పుల్లో ఉండాల్సిన తీగ అలా ఇంట్లో మంచినీళ్ళు చల్లబరుస్తోంది.

అప్పట్నుంచీ ఫర్నేసు గోడలో మిగిలింది ఉత్త గొట్టమే. పెద్దాయన రోజూ నీలం అద్దంలోంచి మంట రంగు చూసి, తనకు తోచిన అంకె పుస్తకంలో రాసేవాడు. సీసాలు బాగానే వస్తున్నాయి కాబట్టి ఎవరూ అడగలేదు.

అంతలో కళ్ళజోడు ఇంజనీరు, వేడిని కొలిచే కొత్తరకం ఫైబర్ ఆప్టిక్ సెన్సర్ పట్టుకుని దిగాడు. తీరా చూస్తే వెంట్రుకంత గాజు పోగు.

"ఇంత వేడికి ఇది ఆగుతుందా బాబూ?" అన్నాడు పెద్దాయన, ఆగకపోతే బాగుండునని ఆశపడుతూ.

"దీన్ని చేసిందే నిప్పుల కోసం బాబాయ్! అందులో పడుకుని హాయిగా నిద్రపోతుంది."

యజమాని ఇద్దర్నీ పిలిచాడు. "నెల రోజులు పాతదీ కొత్తదీ రెండూ నడవనివ్వండి. అంకెల్లో తేడా వస్తే రెండూ బయటికి లాగించి, విప్పించి చూస్తా."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, పెద్దాయన చెయ్యి జేబులోని ఇంటి తాళాల మీదికి పోయింది. రిటైర్మెంటుకి ఇంకా నాలుగు నెలలే. ఈ వయసులో జైలుకెళ్తే ఇంట్లో ఆవిడకి మొహం ఎలా చూపించాలి?

దారి ఆ రోజే దొరికింది. ఇంజనీరు పొద్దున్నే రీడింగు కాగితం మీద రాసి, తన గది గోడకు తగిలించి టీకి పోయేవాడు. పోతే అరగంటకి గానీ రాడు. పెద్దాయన పిల్లిలా దూరి, ఆ అంకె అరచేతిలో రాసుకొచ్చి పుస్తకంలోకి ఎక్కించేవాడు.

బెంగల్లా ఒక్కటే. ఇంజనీరు రోజూ డ్యూటీకి రాగానే తిన్నగా పెద్దాయన బల్ల దగ్గరికొచ్చి, నిన్నటి పేజీ తిరగేసేవాడు.

"ఏంటి బాబూ, అంతలా చూస్తున్నావ్?"

"అనుభవం బాబాయ్! మీ దగ్గర నేర్చుకోవాల్సింది చాలా ఉంది."

వీడు పసిగట్టేశాడని పెద్దాయనకి ముచ్చెమటలు పోసేవి. ఎవరైనా అడిగితే ఫర్నేసు వేడి అనేవాడు.

నెల తిరిగింది. యజమాని రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టుకుని నోరు తెరిచాడు.

"రోజూ పధ్నాలుగువందల ఎనభయ్యే! ఇద్దరిదీ! డిగ్రీ తేడా లేదు! ఇంత నిలకడ నా జన్మలో చూడలేదయ్యా. ఇక ఆ రెండింటి జోలికీ ఎవరూ వెళ్ళొద్దు. ఎలా ఉన్నవి అలాగే ఉండనివ్వండి."

బయటికి రాగానే పెద్దాయనకి ఏడుపొచ్చినంత పనయింది. తనకు జైలు తప్పించిన ఆ గాజు పోగుకి మనసులోనే దండం పెట్టుకున్నాడు.

ఇంజనీరు వెనకే వచ్చి ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. కళ్ళజోడు వెనక నీళ్ళు తిరుగుతున్నాయి.

"నా ఉద్యోగం నిలబెట్టారు బాబాయ్! మీ రుణం తీర్చుకోలేను. ఆ పోగు మొదటిరోజే పుటుక్కుమంది, నెలంతా మీ పుస్తకం చూసే రాశాను."