గాల్లో అంట్లు

భీమవరంలో, వంటింట్లోంచి తొంగిచూసిన వకుళ నోరెళ్లబెట్టింది. హాల్లో కళ్లకి అద్దాలు తగిలించుకుని కూతురు తన్మయి గాల్లో అంట్లు తోముతోంది!

నార్వే చదువుకి ఇప్పుడెవరూ విమానమెక్కడం లేదు. అక్కడ కోర్సువాళ్లు కుదిర్చిన ఇంగ్రిడ్ గారింట్లో ఓ మరమనిషి ఉంటుంది. ఇక్కడ తన్మయి చెయ్యి కదిపితే అక్కడ దాని చెయ్యి కదులుతుంది.

"ఇంట్లో కాఫీ గ్లాసైనా కడగవు కదే!"

"ఇది పని కాదమ్మా, వాళ్ల సంస్కృతి. ఇంగ్రిడ్ ఆంటీ మార్కులెయ్యకపోతే నా కోర్సు గోవిందా!"

వకుళ ఆ సాయంత్రమే ఇంగ్రిడ్‌కి ఫోన్ చేసింది. ఇద్దరూ చాలాసేపు నవ్వుకున్నారు.

వారం తిరక్కుండా వకుళ వంటింట్లోకీ ఓ మరమనిషి దిగింది. నార్వేలో తన గదిలోంచే దాన్ని ఆడిస్తున్న ఇంగ్రిడ్ కొడుకు హాకన్, యంత్రం నేర్పిన తెలుగులో వినయంగా అడిగాడు.

"అత్తయ్యగారండీ, ఇత్తడి బిందెని చింతపండుతో ఇలాగేనాండీ తోమడం?"

"ఆయ్, అలాగే నాయనా. మా సంస్కృతి అంతా ఆ అడుగునే ఉంది, ఇంకాస్త గట్టిగా రుద్దు."

హాల్లో తన్మయి వాళ్ల గిన్నెలు తోముతోంది, వంటింట్లో హాకన్ వీళ్లవి తోముతున్నాడు. వకుళ కాళ్లు బారజాపుకుని ఫోనందుకుంది.

"వదినా, మావాడు ఇక్కడ కంచం కూడా తియ్యడు!" అంది ఇంగ్రిడ్.

"మాదీ అంతేగా. వచ్చే నెల సిలబస్‌లో బూజులు దులపడం కూడా పెట్టేద్దామా?"