తెరుచుకోని టెర్మినల్

"అన్నా, నల్ల డబ్బా తెరుచుకుంటలేదు" అని సోమవారం పొద్దున్నే అర్చన ఫోన్ చేసింది, గద్వాల బస్టాండు దగ్గర కంప్యూటర్ షాపు నడిపే స్టీఫెన్‌కి.

నల్ల డబ్బా అంటే టెర్మినల్, కంప్యూటర్ తెర మీద తెరుచుకునే నల్ల గడి. అందులో కమాండ్ కొడితేనే అర్చన గీసిన చీర అంచు మగ్గానికి పోతుంది. మామూలు కంప్యూటర్లలో ఒక్క బటన్‌తో అయ్యే పని. కానీ స్టీఫెన్ ఆమెకు ఎక్కించింది జిల్లాలో ఇంకెవరి దగ్గరా లేని ఆపరేటింగ్ సిస్టం. "అందరు వాడేది మనమెందుకు వాడాలె?" అన్నాడు అప్పట్లో. మహానుభావుడు.

అంతకు ముందురోజే వనపర్తి నుంచి పెళ్ళివాళ్ళు వచ్చారు. అర్చన కంప్యూటర్‌ను గోడమీది పెద్ద టీవీకి తగిలించి అంచు చూపించింది. రెండు నెలల కష్టం. వాళ్ళు మురిసిపోయారు. ముహూర్తం ఇరవై రోజుల్లో ఉంది. మగ్గమెక్కని అంచు మీద పరాయి కళ్ళు పడొద్దని, వాళ్ళు గడప దాటగానే అత్త హన్మమ్మ టీవీ మీద ఉన్నదున్నట్టే పాత చీర కప్పేసింది. ఆ ఇంట్లో అది రివాజు.

స్టీఫెన్ వచ్చి టెర్మినల్ బొమ్మ నొక్కాడు. ఏమీ రాలేదు. మళ్ళీ మళ్ళీ నొక్కాడు. నొక్కినకొద్దీ కంప్యూటర్ నెమ్మదించింది.

"వైరస్" అని తేల్చాడు.

"నీ సిస్టంకు వైరస్ రాదంటివి గదన్నా?"

"రాదు. వచ్చిందంటే మామూలు వైరస్ కాదు."

మూడు రోజులు ఇంటర్నెట్‌లో సాయం అడిగాడు. ఆ సిస్టం వాడేవాళ్ళు ప్రపంచంలో కొద్దిమందే. ఆ కొద్దిమందీ ఆ వారం ఖాళీగా లేరు.

గురువారం అన్నాడు, "మొత్తం తుడిచి మళ్ల ఎక్కిస్త."

"మరి నా అంచు?" అని అడిగింది అర్చన.

"పెన్‌డ్రైవ్‌ల దాచుకోవచ్చు. కానీ దానికి టెర్మినల్ కావాలె."

హన్మమ్మకు ఒళ్ళు మండింది. "ఇంటికి తాళమేసి చెవి లోపట్నే పెట్టినట్టుంది గదరా నీ సిస్టం!"

వేరే దారి లేక అర్చన తలూపింది. స్టీఫెన్ తుడిచేశాడు. కొత్తగా ఎక్కించి టెర్మినల్ నొక్కాడు. పద్నాలుగుసార్లు నొక్కాడు. రాలేదు. "ఈ కంప్యూటరే మంచిది కాదు" అని బ్యాగు సర్దుకుని పోయాడు.

అర్చన మగ్గం పక్కన కూలబడి ఏడ్చింది.

ఇంక దాచడానికి అంచే లేదని హన్మమ్మ టీవీ మీది పాత చీర లాగేస్తే, తెర నిండా పద్నాలుగు నల్ల డబ్బాలు వరుసగా తెరుచుకుని కమాండ్ కోసం ఎదురుచూస్తున్నాయి.