చెవి వెనక చుక్క

"అమ్మో, వీపు మండిపోతోందే!" అన్న కేక వీధి చివరిదాకా వినబడేసరికి ముంగిస సీతాలు లేపనం కుండ చంకన పెట్టుకుని పరుగెత్తుకొచ్చింది. పొద్దున అది ఇచ్చిన నునుపు లేపనం పూసుకున్న పందిపిల్లకి, పాపం, వీపంతా బొబ్బలు.

"ఇందులో ఏం కలిపావు వదినా?" అంది గేదె.

"అది మా ఇంటి రహస్యం."

"రహస్యం మీదీ, బొబ్బలు మావీనా? ఇక నీ కుండ ఎవరు ముట్టుకుంటారు?"

సీతాలు తల దించుకుని మూత తీసింది. "పసుపు, వేపాకు, నిగనిగలాడాలని జీడిగింజల నూనె. నేనెప్పుడూ రాసుకుని చూడలేదు."

బొబ్బలు లేపిన ఆ జీడినూనె మానేసి, అందరి ముందూ మళ్లీ నూరి, తన చెవి వెనకే చుక్క పెట్టుకుంది. సాయంత్రందాకా మంట లేదు. అప్పుడు పందిపిల్ల, పూయమని వీపు తిప్పింది.

బొబ్బలు చల్లబడ్డాక అందరూ అంబలికి కూర్చున్నారు. సీతాలు గరిటె పట్టుకుని, "ఇందులో రాగిపిండి, మజ్జిగ, ఉప్పు..." అని మొదలెట్టింది.

"నమ్మాం అత్తా, ఇక వడ్డించు," అంది పందిపిల్ల.