తెచ్చిచ్చే పని లేదు

ఆ రోజు ఇంట్లో చూపు మందగించిన నరసింహప్ప, ఆయన కోడలు యశోదమ్మ, పుస్తకం తిరిగిచ్చేందుకు వచ్చిన నాగరత్న ఉన్నారు. ఊళ్లో ఎవరితోనూ నోరు విప్పని నాగరత్న, ఆ తాతకు మాత్రం చదివిన కథంతా చెప్పేది.

“ఈ గదిలో శెనక్కాయ మూటలెయ్యల్ల. పుస్తకాలన్నీ ఎత్తుకపో పాపా. మళ్లా తెచ్చిచ్చే పనే లేదు,” అంటూ యశోదమ్మ గోనెసంచి నింపింది.

నాగరత్న సంబరంగా సంచిని గడప దాటించింది.

“ఏమ్మే, మొన్న సగంలో ఇడిసిన కతలో ఆ పిల్ల ఏమాయె?” లోపలి నుంచి తాత అడిగాడు.

“రేపొచ్చి...” అనబోయి ఆగిపోయింది. తిరిగివ్వడానికేమీ లేకపోతే రేపు ఏమని రావాలి?

ఒక్క పుస్తకం తీసుకుని, సంచిని లోపలికి నెట్టింది. “ఇదొక్కటే చాలత్తా. చదివి తెచ్చిస్తా.”

“తిక్కదానా! అన్నీ నీవే అంటాంటే!” యశోదమ్మ నవ్వుతూ సంచిని బయటపెట్టి తలుపేసింది.