ఎనిమిదో పాట

“మళ్లీ హారన్ పడింది,” అంటూ జ్ఞానమణి హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు.

యామినికి ఏడుపొక్కటే తక్కువ. పొద్దుటి నుంచీ ఇదే వరస. గొంతు లేచి పాట అందుకునే చోటికి రాగానే కింద ఆటో కూస్తుంది, లేదంటే బండల లారీ. కడపలో ఆ మేడ మీది గదికి స్టూడియో అని పేరే గానీ, గోడలకు పరుపులు, కిటికీకి రెండు దుప్పట్లు, అంతే. చర్చి పాటలు రికార్డు చేసుకునే జ్ఞానమణి ముచ్చటపడి యామిని వాళ్ల ‘పల్లేరుకాయలు’ బ్యాండుకు దాన్ని ఇచ్చాడు. ఆల్బంలో ఏడు పాటలు పూర్తయ్యాయి. చివరిది మాత్రం ససేమిరా అంటోంది.

“రేపట్నుంచి క్రిస్మస్ పాటలోళ్లు వస్తారు పాపా. ఈ పొద్దు కాకపోతే నా చేతుల్లో లేదు.”

యామినికైతే ఈ పూట కూడా లేనట్టే. గంట కిందట మైదుకూరు నుంచి తల్లి ఫోన్ చేసింది. “బ్యాంకు కోచింగ్ కాదని మీ నాయనకు తెలిసిపోయిందే. మేడ యాడుందో గూడా కనుక్కున్నాడు. మనుషుల్ని ఏసుకొని బయల్దేరినాడు.”

పోయిన ఏడాది కాలేజీలో పాడిందని తెలిసి ఆయన ఆమె గిటారును వాకిట్లో బండకేసి కొట్టాడు. మళ్లీ పాట అంటే చదువు మాన్పించి ఇంట్లో కూర్చోబెడతానన్నాడు. పసుపు వ్యాపారి ఓబులేసు ఒక మాట అన్నాడంటే అన్నట్టే. తమాషా ఏమిటంటే, ఈ చివరి పాట ఆయన మీద రాసిందే. బోరు వేయించిన ప్రతిసారీ దాని పక్కనే కూర్చుని, నీళ్ల చప్పుడు కోసం చెవులు రిక్కించే మనిషి పాట.

డ్రమ్స్ వాయించే వీరభద్ర దుప్పటి తొలగించి కిందికి చూశాడు. మొహం పాలిపోయింది.

“యామినీ... మీ నాయన బండి.”

“గడియ పెట్టు. తలుపు పగలగొట్టేలోపు ఎంత పాడితే అంత.”

మొదలుపెట్టింది. సగం పాటలో మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించింది. తలుపు దగ్గరికొచ్చి ఆగింది. యామిని కళ్లు మూసుకుని పాడుతూనే ఉంది. తలుపు ఎవరూ తట్టలేదు. అంతలో కింద ఆటో కూసింది. పాట మళ్లీ పోయింది. చెప్పుల చప్పుడు గబగబా మెట్లు దిగిపోయింది.

“మనుషుల్ని తేడానికి పోయినట్టుండాడు,” అన్నాడు జ్ఞానమణి. “ఎనకాల మెట్లుండాయి. పోతావా?”

“పోను.”

కింద కేకలు వినిపించాయి. వీరభద్ర మళ్లీ తొంగి చూశాడు. “వీధికి రెండు పక్కలా మనుషుల్ని నిలబెట్టినాడు. ఒక్క బండినీ రానీడు, పోనీడు. మనల్ని ఈడే కట్టడి చేసినాడు.”

“ఎట్లాగూ ఇంట్లో కూర్చోబెడతాడు. ఈ ఒక్కటీ పాడి కూర్చుంటా. కొట్టు వీరభద్రా.”

కోపమంతా గొంతులోకి వచ్చింది. కోపం వెనకాల ఏడుపు వచ్చింది. బోరు దగ్గర కూర్చున్న మనిషి కళ్ల ముందు కదిలాడు. ఎక్కడా ఆగకుండా చివరిదాకా పాడేసింది.

జ్ఞానమణి కళ్లు తుడుచుకుని, “వచ్చేసింది పాపా,” అన్నాడు.

యామిని గడియ తీసింది. వీరభద్ర వెంట రాబోతే వద్దంది. దెబ్బలు పడినా తనకే పడాలి. ఒక్కో మెట్టూ దిగింది. పాట మాత్రం ఇక ఎవరూ బండకేసి కొట్టలేరు, అదొక్కటే ధైర్యం.

వీధి మొగలో ఆటోలు, బండల లారీ బారుగా ఆగిపోయి ఉన్నాయి. వాటికి అడ్డంగా, ఇటు వీపు పెట్టి ఓబులేసు నిలబడి ఉన్నాడు. విసిగిపోయిన లారీ డ్రైవరు హారన్ మీదికి చెయ్యి పోనిచ్చాడు. ఎవరికీ తలవంచి ఎరగని ఓబులేసు రెండు చేతులూ జోడించాడు.

“కొట్టొద్దప్పా, మా పాప పాడతాంది.”