ఖాళీ గడి

రక్తదాతల్లో బి నెగటివ్ వాళ్లు ఒక్కరూ లేరని కంప్యూటర్ తెర చెప్పింది.

అంబిక మళ్లీ అడిగింది. మళ్లీ అదే జవాబు.

హోసూరులోని ఆ ఆసుపత్రిలో కంప్యూటర్ పనికి ఆమె కొత్త. నేర్చుకున్నది ఆరకిల్ అనే డేటాబేస్, అంటే వివరాలు దాచిపెట్టే సాఫ్ట్‌వేర్. పోయిన వారమే పేర్లన్నీ అలాంటిదే ఇంకోటైన మైఎస్‌క్యూఎల్‌లోకి మార్చారు. ఇంకా దాని తీరు ఆమెకు పట్టుబడలేదు.

నర్సు మునెమ్మ గుమ్మంలోకి వచ్చింది.

"కుందారపల్లి కాడ లారీ తగిలిన బిడ్డమ్మా. ఆపరేషన్ రూములో ఉంది. నెత్తురు ఇచ్చేవాళ్లు దొరికినారా?"

"పోయిన వారం శానా మంది ఉండ్రి అక్కా. ఇప్పుడు యాడ పోయినారో తెలీదు."

మునెమ్మ వేరే ఆసుపత్రులకు ఫోన్ చేయడానికి పరుగెత్తింది.

బయట బెంచీ మీదున్న మనిషి లేచి లోపలికి వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి. చొక్కా నలిగిపోయి ఉంది.

"బెంగళూరులో నేను చేసేది ఈ పనేనమ్మా. చూడొచ్చునా?"

"బయటోళ్లు మిషన్ ముట్టకూడదు సార్."

"ముట్టనులే. ఏమని అడిగినావో చెప్పు."

"గ్రూపు బి నెగటివ్. 'ఇవ్వకూడని కారణం' అనే గడి నల్, అంటే అందులో ఏమీ లేదని. కామెర్లు వచ్చినోళ్లకు ఆ గడిలో రాసి ఉంటారు. ఆరకిల్‌లో ఇట్లే అడిగితే వచ్చేవి, పోయిన వారం మైఎస్‌క్యూఎల్‌కి మార్చినారు."

"ఆ రెండోది తీసేసి అడుగు."

పేర్లు బిలబిలమంటూ వచ్చాయి. ఆయన తెర వైపు చూపించాడు.

"యాడికీ పోలేదు, ఈడే ఉన్నారు. ఖాళీగా వదిలిన గడిని ఆరకిల్ నల్ అనే అనుకుంటుంది. మైఎస్‌క్యూఎల్ అనుకోదు. దీనికి ఖాళీ మాట కూడా ఒక మాటే. నల్ అని కాదు, ఖాళీ మాట అని అడుగు."

ఆత్రంలో ఆమె తప్పు కొట్టింది. తెర ఒప్పుకోలేదు.

"నిదానంగా కొట్టమ్మా. తొందరేమీ లేదు."

ఆ గొంతులోని నెమ్మదికి ఆమె వేళ్లు కుదురుకున్నాయి.

ఈసారి కామెర్ల వాళ్లు పోగా మిగిలిన పేర్లు తెర మీద నిలిచాయి. మొదటి పేరు నంజప్ప, ఆసుపత్రి వెనక వీధి. అంబిక ఆ పేరు పట్టుకుని మునెమ్మ దగ్గరికి పరుగెత్తింది.

తిరిగి వచ్చేసరికి ఆయన లేడు.

మరునాడు మునెమ్మ వచ్చి బిడ్డకు గండం గడిచిందని చెప్పింది. పొద్దున్నే బెంగళూరు ఆసుపత్రికి తీసుకుపోయారట.

"అక్కా, నిన్న ఈడ నాకు నేర్పించినాయన యాడుంటాడో తెలుసునా? అంత ఓర్పు ఉండే మనిషిని నేను చూడలేదు. థ్యాంక్స్ అని ఒక్క మాట చెప్పుకోలేకపోయినాను."

మునెమ్మ ఆమె పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నువ్వు కొడతా ఉన్నప్పుడు నిన్ను తొందర పెట్టేదానికి మళ్లీ వచ్చినాను. నన్ను గుమ్మం కాడే ఆపేసినాడు. 'ఆ పిల్ల కొత్తగా నేర్చుకుంటా ఉంది. నేనెవరో తెలిస్తే చెయ్యి వణుకుతుంది' అని గుసగుసగా అన్నాడు."

"ఎవరక్కా ఆయన?"

"ఆ బిడ్డకు నాయన."